ఉల్ఫ్రిక్ థాల్మోర్ మనిషేనా? ఎల్డర్ స్క్రోల్స్ ఆరో ఆటకు కథ అల్లేవాళ్ళకు ఒక జవాబు

మీరు అడిగింది ఇదీ: ఎల్డర్ స్క్రోల్స్ సిరీస్‌లోని ఐదో ఆట స్కైరిమ్‌లో సామ్రాజ్యానికీ స్టార్మ్‌క్లోక్ తిరుగుబాటుదారులకూ జరిగే అంతర్యుద్ధంలో అధికారికంగా ఎవరు గెలిచారు? ఆరో ఆట హామర్‌ఫెల్‌లో జరుగుతుందనుకుని మీ బృందం ఒక కథ రాసుకుంది. అందులో తిరుగుబాటు నాయకుడు ఉల్ఫ్రిక్ స్టార్మ్‌క్లోక్ థాల్మోర్ (సామ్రాజ్యానికి శత్రువైన ఎల్ఫ్‌ల రాజ్యం డొమినియన్‌ను ఏలే వర్గం) గూఢచారి. ప్రపంచాన్ని నిలబెడతాయని కొందరు నమ్మే టవర్లలో చివరిదాన్ని థాల్మోర్ కూల్చి ప్రపంచాన్నే చెరిపేయబోతే కొత్త హీరో, అంటే ఇంకో డ్రాగన్‌బోర్న్ (డ్రాగన్ రక్తమున్న మనిషి), అడ్డుపడతాడు. లోర్ (ఆ ప్రపంచపు చరిత్ర, పురాణం) తెలిసినవాళ్ళు చదివి పెదవి విరిచారు. తప్పెక్కడుంది?

మొదటిదానికి జవాబు చిన్నది: ఎవరు గెలిచారో ఆట తయారుచేసే బెథెస్డా ఇంతవరకు తేల్చలేదు. రెండోదానికి కాస్త ఓపిక పట్టాలి. మీ ఊహలో లోపం లేదు. సాక్షి ఎవరో చూడకుండా సాక్ష్యాన్ని నమ్మేశారు, అంతే.

ఈ సిరీస్‌లో ఆట రాసినవాళ్ళు తెర ముందుకొచ్చి "జరిగింది ఇది" అని చెప్పడం చాలా అరుదు. ఆటలో దొరికే ప్రతి పుస్తకానికీ ఆ ప్రపంచంలోనే ఒక రచయిత ఉంటాడు. అతనికో దేశం, ఒక యజమాని, ఒక పాత పగ ఉంటాయి. ఒకే దేవుడికి ఊరికో స్థలపురాణం విని పెరిగిన మనకు ఇదేం కొత్త కాదు. ఏ ముక్క వాడుకున్నా పక్కన మూడు సంగతులు రాసుకోండి: ఎవరు చెప్పారు, ఏ సంవత్సరంలో చెప్పారు, అలా చెప్తే వాళ్ళకేం లాభం. మీ కథలో పునాదిగా వాడిన ముక్కలు ఐదో ఆరో ఉన్నాయి. వాటికి ఈ మూడూ రాస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఉల్ఫ్రిక్‌తోనే మొదలుపెడదాం. "డిప్లొమాటిక్ ఇమ్యూనిటీ" క్వెస్ట్‌లో థాల్మోర్ రాయబార కార్యాలయంలో అతని మీద ఒక ఫైలు దొరుకుతుంది. గూఢచారి వాదమంతా ఆ ఫైల్లోని "అసెట్" అన్న ఒక్క మాట మీద నిలబడింది. ఆ మాటను పట్టుకుని మిగతా కాగితాన్ని చదవకుండా వదిలేస్తారు. స్థితి అన్నచోట రాసింది మొత్తం చూడండి: సహకరించని అసెట్, ప్రస్తుతం నిద్రాణం. సామ్రాజ్యానికీ డొమినియన్‌కూ జరిగిన మహాయుద్ధంలో పట్టుబడ్డప్పుడు అతన్ని విచారించింది ఇప్పటి థాల్మోర్ ప్రథమ రాయబారి ఎలెన్వెన్. అతను నోరు విప్పేసరికే సామ్రాజ్య రాజధాని ఇంపీరియల్ సిటీ పడిపోయింది. అయినా తన సమాచారం వల్లే నగరం పోయిందని అతన్ని నమ్మించి, ఆ తర్వాత తప్పించుకుపోనిచ్చారు. మార్కార్త్ నగరంలో జరిగిన గొడవ తమకు బాగా కలిసొచ్చిందని, కానీ అప్పటినుంచి అతను నేరుగా మాటకు దొరకడం లేదని కూడా ఆ ఫైల్లోనే ఉంది. చివర్లో అసలు సంగతి ఉంది. అంతర్యుద్ధం సాగుతూ ఉండటమే థాల్మోర్‌కు కావాలి, స్టార్మ్‌క్లోక్‌లు గెలవడం కూడా వాళ్ళకు ఇష్టం లేదు.

అంటే అతను వాళ్ళకు పనికొచ్చే మనిషి. వాళ్ళ మనిషి కాడు. మన వాడుకలో ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో ఆ ఫైల్లోనూ అంతే ఉంది. పైగా ఇది థాల్మోర్ తమలో తాము రాసుకున్న కాగితం. ఎవరినో బుట్టలో వేయడానికి రాసింది కాదు కాబట్టి దీనికి బరువు ఎక్కువ. ఆట మొదట్లో ఉల్ఫ్రిక్‌కు మరణశిక్ష అమలు చేయబోతుండగా హెల్గెన్‌లో డ్రాగన్ ఎందుకొచ్చిందో తమకూ అంతుపట్టలేదని అందులో ఒప్పుకున్నారు. మీ కథలో థాల్మోర్‌కు అన్నీ ముందే తెలుసు. ఈ కాగితం ఒక్కటే చాలు ఆ పాత్రచిత్రణ కూలడానికి.

ఇక హామర్‌ఫెల్. ఇక్కడ మీరు దొరికిన బంగారాన్ని చూడకుండా దాటిపోయారు.

మహాయుద్ధం గురించి మనకు తెలిసిందంతా దాదాపు ఒక్క పుస్తకం నుంచే వస్తుంది. దాన్ని రాసింది లెగేట్ జస్టియానస్ క్వింటియస్, సామ్రాజ్య సైన్యాధికారి. యుద్ధం నాలుగో యుగం 171లో మొదలై 175లో వైట్‌గోల్డ్ ఒప్పందంతో ముగిసింది. ఆ ఒప్పందాన్ని హామర్‌ఫెల్ ఒప్పుకోలేదు. చక్రవర్తి టైటస్ మీడ్ 2 ఆ రాష్ట్రాన్ని సామ్రాజ్యం నుంచి వదిలేశాడు. అక్కడి ప్రజలైన రెడ్‌గార్డ్‌లు ఒంటరిగా ఇంకో ఐదేళ్ళు పోరాడారు. 180లో రెండో స్ట్రోస్ ఎమ్‌కై సంధితో డొమినియన్ సేనలు వెనక్కి వెళ్ళాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

లెగేట్ గారు ఆ గెలుపును ఎవరి ఖాతాలో వేశాడో గమనించండి. సామ్రాజ్య సేనాని డెసియానస్ సామ్రాజ్య కేంద్రమైన సిరోడీల్‌కు తిరిగి వెళ్ళేటప్పుడు చాలామంది సైనికులను "అనారోగ్యం" పేరుతో కొలువు నుంచి తప్పించి హామర్‌ఫెల్‌లోనే ఉంచాడట. డొమినియన్ సేనాని లేడీ అరనెల్యా సైన్యాన్ని 174 చివర్లో అలీకిర్ ఎడారి అవతలికి తరిమిన సేనకు వెన్నెముక వాళ్ళేనట. అంటే రెడ్‌గార్డ్‌ల విజయంలోనూ సామ్రాజ్యానికి పెద్ద వాటా ఉంది. నిజమే కావచ్చు, డప్పు కొట్టుకోవడమూ కావచ్చు. రెడ్‌గార్డ్‌ల వాదన ఆ పుస్తకంలో ఒకటి రెండు వాక్యాలకు మించదు: చక్రవర్తి ధైర్యం సడలకుండా ఉండుంటే అందరం కలిసి గెలిచేవాళ్ళం, ఒప్పందమే అక్కర్లేదు అని. అది నిజమో కాదో ఎన్నటికీ తేలదంటూ లెగేట్ చేతులు దులుపుకున్నాడు.

రెడ్‌గార్డ్‌లు తమ యుద్ధం గురించి తాము రాసుకున్న చరిత్ర స్కైరిమ్‌లో లేదు. సీక్వెల్‌కు ఇంతకన్నా మంచి ఖాళీ దొరకదు. అదే పుస్తకంలో ఇంకో విత్తనం కూడా ఉంది. సెంటినెల్ ఫోర్‌బేర్‌ల నగరం, హెగాతే క్రౌన్‌లది. తరాలుగా ఈ రెండు వర్గాలకూ పడదు. యుద్ధంలో సెంటినెల్ సేన వెళ్ళి హెగాతే ముట్టడిని ఛేదించడంతో రెండూ రాజీపడ్డాయి. బయటి శత్రువు ఉన్నంతకాలం నిలిచే రాజీ అది. శత్రువు వెళ్ళిపోయాక నిలుస్తుందా? ప్రపంచం అంతమైపోవాల్సిన అవసరం లేకుండానే ఆట మొత్తాన్ని నడిపించగల ప్రశ్న ఇది.

టవర్ల దగ్గరికి వద్దాం. మీ వాళ్ళు ఎక్కువగా పట్టుకున్నది ఇదే, విమర్శకులు ఎక్కువగా కొట్టిందీ ఇదే. ఆటలో ఉన్నది మొదట చూడండి. ప్రపంచాన్ని మింగే డ్రాగన్ ఆల్డుయిన్ పేరుతో ఉన్న గోడ మీది జోస్యం "బుక్ ఆఫ్ ద డ్రాగన్‌బోర్న్"లో ఉంది. మూడో యుగం 360లో వేనన్ ప్రయరీ మఠాధికారి రాసిన పుస్తకం అది. ఎనిమిది దిక్కులా దుష్పాలన, ఇత్తడి టవర్ నడిచి కాలం మారడం, ముమ్మారు దీవెన పొందినవాళ్ళు ఓడి ఎర్ర టవర్ వణకడం, డ్రాగన్‌బోర్న్ రాజు సింహాసనం పోయి తెల్ల టవర్ కూలడం, మంచు టవర్ రాజు లేక చీలి రక్తమోడటం. వరసగా అరీనా, డాగర్‌ఫాల్, మారోవిండ్, ఆబ్లివియన్, స్కైరిమ్. ఐదు ఆటలూ ఐదు పాదాల్లో కూర్చున్నాయి. టవర్లకు ఏదో ప్రాముఖ్యం ఉందనడానికి ఆటలోపలి ఆధారం ఇది, గట్టిదే.

"టవర్లు పోతే ప్రపంచం రద్దవుతుంది, థాల్మోర్‌కు కావలసింది అదే, దేవుడైన చక్రవర్తి టాలోస్ పూజను నిషేధించిందీ అందుకే" అన్నది వేరే సంగతి. ఆ వాదానికి బలమంతా మైఖేల్ కిర్క్‌బ్రైడ్ ఇంటర్నెట్‌లో పెట్టిన రచనల నుంచి వచ్చింది. మారోవిండ్ లోర్‌లో ఆయనది పెద్ద చెయ్యి. ఆ రచనలు మాత్రం ఆయన బెథెస్డా ఉద్యోగం వదిలాక రాసినవి, ఏ ఆటలోనూ లేవు. శశిరేఖ పెళ్ళి కథ వ్యాస భారతంలో లేదు, అయినా మనం దాన్ని వదులుకోం. ఇదీ అలాంటిదే. వాడుకోండి, తప్పులేదు. కాకపోతే "థాల్మోర్ ఉద్దేశం ఇది" అని కథకుడి గొంతుతో చెప్పకండి. థాల్మోర్‌లో ఒక చీలిక వర్గం అలా నమ్ముతుందని చెప్పించండి, లేదా ఒక సిరోడీల్ పండితుడు భయపడుతున్నట్టు రాయండి. అదే విషయం అప్పుడు లోర్ తప్పు కాదు, పాత్ర నమ్మకం అవుతుంది.

బయటి రచనలు ఒక్కోసారి లోపలికీ వస్తాయి. సిరోడీల్ అడవి సంగతి అందుకు మంచి ఉదాహరణ. 1998లో రెడ్‌గార్డ్ ఆటతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం సిరోడీల్‌ను దట్టమైన వాన అడవి అంది. 2006లో ఆబ్లివియన్ వచ్చేసరికి అక్కడ పచ్చిక బయళ్ళు, ఓక్ చెట్లు. టాలోస్ దేవుడై అడవిని మార్చాడన్న కిర్క్‌బ్రైడ్ రచనలోని మాటలే స్కైరిమ్‌లో వైట్‌రన్ వీధిలో టాలోస్ బోధకుడు హైమ్‌స్కర్ నోట వినిపిస్తాయి. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో ఇంకో పుస్తకం అదంతా నకలు రాసినవాడి పొరపాటేమోనని తేల్చేసింది. రెండూ ఆటలోనివే, రెండూ చెల్లుతాయి. ఏది నిజమో తేల్చే పని మీది కాదు.

ఇప్పుడు అంతర్యుద్ధం ఫలితం. సీక్వెల్ ఊహించేవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. స్కైరిమ్ ముగిసేసరికి యుద్ధం మూడు రకాలుగా ఉండొచ్చు: సామ్రాజ్యం గెలిచింది, స్టార్మ్‌క్లోక్‌లు గెలిచారు, లేదా "సీజన్ అన్‌ఎండింగ్" క్వెస్ట్‌లోని సంధితో మధ్యలోనే ఆగింది. మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. దీనికి డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతకుల ముఠా కథ కలపండి. ఆటగాడు దాన్ని పూర్తిచేస్తే టైటస్ మీడ్ 2 కటారియా ఓడలో చస్తాడు. బ్రదర్‌హుడ్‌నే నాశనం చేస్తే బతుకుతాడు. మూడు రెళ్ళు ఆరు. మీ కథలోని మొదటి పేరా ఈ ఆరు స్థితుల్లో దేన్నీ అబద్ధం చేయకూడదు. ఇప్పుడున్నది నాలుగింటిని చేస్తోంది: చక్రవర్తి బతికే ఉన్నాడన్నారు, సామ్రాజ్యం గెలవలేదన్నట్టు రాశారు. కాగితం మీద ఆరు గళ్ళు గీసి ఒక్కో వాక్యాన్నీ ఒక్కో గడిలో పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

బెథెస్డా ఇలాంటి చిక్కులను గతంలో ఎలా విప్పిందో చూడండి. డాగర్‌ఫాల్‌లో నుమిడియమ్ అనే మహా ఇత్తడి యంత్రాన్ని నడిపే టోటెమ్‌ను ఎవరికిస్తే ముగింపు వాళ్ళది: గార్ట్‌వాగ్, మన్నిమార్కో, అండర్‌కింగ్, డాగర్‌ఫాల్, వేరెస్ట్, సెంటినెల్, లేదా సామ్రాజ్యం. తర్వాతి ఆటల్లో "అన్నీ జరిగాయి" అన్నారు. మూడో యుగం 417లో హై రాక్, హామర్‌ఫెల్ రాష్ట్రాల మధ్యనున్న ఇలియాక్ అఖాతంలో కాలమే విరిగింది, 44 చిన్న రాజ్యాలు ఉన్నచోట నాలుగు మిగిలాయి. దీన్నే పడమటి విరుపు, అంటే వార్ప్ ఇన్ ద వెస్ట్ అంటారు. పామూ చావలేదు, కర్రా విరగలేదు. తెలివైన ఎత్తే. కానీ అంతర్యుద్ధానికీ అదే వాడదామని చాలామంది అంటుంటారు. నా మాటకొస్తే వద్దు. అక్కడ విరుపుకు కారణం ఉంది, నుమిడియమ్ లాంటి యంత్రం కదిలింది. ఇద్దరు జార్ల్‌ల (ప్రాంతీయ పాలకుల) తగాదాకు కాలం విరగదు.

రెండో పద్ధతి హీరోను తెర చాటుకు పంపడం. మారోవిండ్ హీరో నెరెవరీన్ అకవీర్ అనే దూరదేశానికి వెళ్ళాడని ఆబ్లివియన్‌లో పుకారు వింటాం. అక్కడ ఆడా మగా, ఏ జాతి అన్నది తెలీకుండా జాగ్రత్తగా మాట్లాడతారు. ఆబ్లివియన్ హీరో పిచ్చి దేవుడు షియోగొరాత్ అయిపోయాడని స్కైరిమ్‌లో ఆ దేవుడి మాటల్లో సూచనగా తెలుస్తుంది.

మూడోది కాలం దూకడం. మారోవిండ్ నుంచి ఆబ్లివియన్‌కు ఆరేళ్ళు (మూడో యుగం 427, 433), అక్కడి నుంచి స్కైరిమ్‌కు రెండొందల ఏళ్ళు (నాలుగో యుగం 201). మీకు సరిపోయే దూరం సుమారు 50 ఏళ్ళు. లెక్క ఇలా: ఉల్ఫ్రిక్ 171లో మొదలైన యుద్ధంలో పోరాడినవాడు. అంటే 251 నాటికి ఏ ముగింపులోనైనా పోయి ఉంటాడు. సామ్రాజ్య సేనాని తూల్లియస్ కూడా అంతే. ఎల్ఫ్‌లు మనుషులకన్నా చాలా ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి ఎలెన్వెన్ లాంటివాళ్ళు పదవిలోనే ఉండొచ్చు. మనుషులకు తాతల కాలపు యుద్ధం, శత్రువుకు నిన్నటిది. ఇద్దరూ ఎదురుపడే ఒక్క సంభాషణలోనే కథ బరువంతా తెలుస్తుంది. అప్పటికి "స్కైరిమ్ ఎవరిది?" అని అడిగితే హామర్‌ఫెల్ వర్తకుడు "అక్కడ సుంకం ఎవరు వసూలు చేస్తే వాళ్ళది" అంటే చాలు, ఆరు స్థితులూ బతుకుతాయి.

కొత్త హీరో డ్రాగన్‌బోర్న్ కావడం మాత్రం పూర్తిగా తీసేయండి. జోస్యంలోని ఆఖరి పాదం "చివరి డ్రాగన్‌బోర్న్" అంటుంది. ఆబ్లివియన్ హీరోకు డ్రాగన్ రక్తం లేదు, ఆట నడవలేదా? ఇంకో చిన్న సంగతి: "ప్రతి ఆటా ఖైదీగానే మొదలవుతుంది" అని మీరు ముందుమాటలో రాశారు. డాగర్‌ఫాల్‌లో కాదు, అక్కడ ఓడ మునిగి ప్రైవటీర్స్ హోల్డ్‌లో పడతాం. ఇలాంటి ఒక్క తప్పు దొరికితే చదివేవాడు మిగతాది కూడా అనుమానంగానే చూస్తాడు.

డ్వెమర్‌లు (యంత్రాలు కట్టిన పాత ఎల్ఫ్ జాతి) తిరిగొచ్చే ఆ ఉపకథ కూడా వద్దు. వాళ్ళు మొదటి యుగం 700లో మాయమయ్యారు. ఎందుకో తెలియకపోవడమే ఆ కథకున్న విలువ. స్కైరిమ్‌లో పరిశోధకుడు ఆర్నియెల్ గేన్ కీనింగ్ అనే మాయా కత్తితో చిన్న ప్రయోగం చేసి తానే మాయమైతే ఏం జరిగిందో ఆట చెప్పదు. ఆ నిగ్రహాన్ని అనుకరించండి.

ఆరో ఆట ఎక్కడ అన్నది 2018 జూన్‌లో చూపించిన అర నిమిషం టీజర్‌లో చెప్పలేదు. కొండలు, తీరం, పేరు, అంతే. హామర్‌ఫెల్ అన్నది మంచి ఊహ, ప్రకటన మాత్రం కాదు. ఆ ఏడాదే "రెడ్‌ఫాల్" అన్న ట్రేడ్‌మార్క్ బయటపడితే రెడ్‌గార్డ్‌లు, హామర్‌ఫెల్ కలిపి ఆరో ఆట పేరు ఇదేనని ఎన్ని సిద్ధాంతాలు పుట్టాయో! చివరికి అది 2023 మేలో విడుదలైన రక్తపిశాచాల షూటర్ గేమ్. అక్షరాలు కలిశాయని అర్థాలు కలపకూడదు. మీ పత్రం మొదట్లో "స్థలం మా ఊహ" అని ఒక్క వాక్యం పెట్టండి.

మ్యాప్‌కు ఊళ్ళు ఎక్కడ వెతకాలని కూడా అడిగారు. 1994 నాటి అరీనాలోనే ఉన్నాయి. (విజయ్ లక్ష్మణ్ ప్రధాన డిజైనర్‌గా ఉన్న ఆట అది. మనవాళ్ళలో చాలామందికి తెలియదు.) హామర్‌ఫెల్‌లో సెంటినెల్, హెగాతే, టనెత్, రిహాద్, గిలేన్, స్కావెన్, ఎలిన్‌హిర్, డ్రాగన్‌స్టార్. హై రాక్‌లో డాగర్‌ఫాల్, వేరెస్ట్, కామ్లోర్న్, షోర్న్‌హెల్మ్, ఎవర్‌మోర్, నార్త్‌పాయింట్, జెహానా, ఫారన్. మొత్తం పదహారు. స్కైరిమ్‌లో హోల్డ్ (జిల్లా లాంటిది) రాజధానులు తొమ్మిదే, వాటిలో గోడలు, విడి లోడింగ్ ఉన్న పెద్ద నగరాలు ఐదే. రెండు రాష్ట్రాలూ కావాలంటే పదహారింటినీ అదే స్థాయిలో నిలబెట్టలేరు. అఖాతం చుట్టూ ఐదారు ఊళ్ళు ఎంచుకుని మిగతావాటిని పుకార్లకు వదిలేయండి. డిరెన్ని టవర్ అఖాతం మధ్యలో బాల్ఫియెరా ద్వీపం మీదే ఉంది కాబట్టి మీ టవర్ కథా అక్కడే ఇముడుతుంది.

ఆధారాలు వెతికేటప్పుడు అభిమానుల వికీ యూఈఎస్‌పీలో లోర్ పేజీ కింద ఉన్న సూచికలు తప్పక చూడండి. ఆట బయటి రచన అయితే అక్కడ గుర్తు పెట్టి ఉంటుంది. పుస్తకాల పూర్తి పాఠం ఇంపీరియల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. డైలాగు మీద అనుమానం ఉంటే ఆట ఎడిటర్ క్రియేషన్ కిట్‌లో తెరిచి దాని కండిషన్లు చూడండి. ఫైల్లో ఉండి ఏ షరతులోనూ పలకని డైలాగు కత్తిరించేసిన సరుకు. దాన్ని ఆధారంగా చూపిస్తే ఓడిపోతారు.

టవర్ పక్కనపెట్టి మొదటి క్వెస్ట్‌కు ఒక విత్తనం చెప్తాను. వైట్‌రన్‌లో దాక్కున్న రెడ్‌గార్డ్ స్త్రీ సాడియా, ఆమెను వెతుకుతూ వచ్చిన కెమాటు. తాను డొమినియన్‌కు వ్యతిరేకంగా మాట్లాడినందుకు వెంటాడుతున్నారని ఆమె అంటుంది. ఆమె టనెత్ నగరాన్ని డొమినియన్‌కు అమ్మేసిందని, లేకపోతే యుద్ధంలో టనెత్ నిలిచేదని అతను అంటాడు. ఎవరు నిజమో ఆట తేల్చదు. లెక్క వేయండి. యుద్ధం తొలినాళ్ళలోనే దక్షిణ తీరంలో హెగాతే ఒక్కటే మిగిలిందని లెగేట్ రాశాడు. అంటే టనెత్ అప్పటికే పడిపోయింది. ఆట జరిగేది 201లో, అంటే దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత. సాడియా ముఖం చూస్తే అంత వయసు కనిపించదు. అయితే ఆమె పసితనంలో నగరాన్ని అమ్మిందా? లేక టనెత్ మళ్ళీ చేతులు మారి 180లోపు ఇంకోసారి పడిందా? లేక ఆమె కుటుంబం చేసిన పనిని ఆమె నెత్తిన వేశారా? లెగేట్ పుస్తకాన్ని, కెమాటు మాటను పక్కపక్కన పెట్టుకుని, టనెత్ శిథిలాల్లో సాడియా పుట్టిన సుడా వంశపు లెక్కల పుస్తకం ఒకటి దొరికిందనుకుని రాయడం మొదలుపెట్టండి.